సున్నుండకు ఒంట్లో బాలేదు

ఆ రోజు పొద్దున నరేంద్రబాబు పెట్టుకున్న పనులు మూడు. గుంటలో రొయ్యలకు మేత వేయడం, ఇంట్లో గినీ పిగ్‌లకు గడ్డి వేయడం, ఆ గినీ పిగ్‌ల వంక పరీక్షగా చూడకుండా ఉండడం. మొదటి రెండూ అతనికి చేతనైనవే. మూడోది భార్య అప్పజెప్పిన పని.

సుప్రియ ఇందుకూరుపేటలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. ముందు రోజు ఏదో ట్రైనింగ్ అని కావలి వెళ్తూ, ఆటో ఎక్కబోయి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఒకసారి అప్పజెప్పండి. ఏం చెయ్యాల?"

"గడ్డి వెయ్యాల. నీళ్ళు మార్చాల. పొద్దున జామకాయ ముక్క."

"ఏం చెయ్యకూడదు?"

"చూడకూడదు."

"చూడండి. పరీక్షగా చూడబాకండి అంటుండా. మీరు పరీక్షగా చూస్తే గోడగ్గూడా జబ్బు కనబడద్ది. వైద్యం మాత్రం చెయ్యబాకండి. ఈసారి వీటికేమన్నా అయిందో..."

ఆటోవాడు హారన్ కొట్టడంతో ఆ వాక్యం సగంలోనే ఆగిపోయింది. అప్పటినుంచి నరేంద్రబాబు దాన్ని రకరకాలుగా పూర్తి చేసుకుంటూనే ఉన్నాడు. ఏ రకంగా పూర్తి చేసినా చివర్లో సుప్రియ పెట్టె సర్దుకుంటోంది.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. అంతకుముందు ఆ ఇంట్లో ఒక లవ్ బర్డ్స్ జంట ఉండేది. అందులో ఒకటి తుమ్మిందని నరేంద్రబాబు రెండింటికీ వైద్యం చేశాడు. తుమ్ములు తగ్గాయి. పక్షులు కూడా తగ్గాయి. ఆ తర్వాత చాలా కాలానికి సుప్రియ మళ్ళీ ధైర్యం చేసి నెల్లూరు నుంచి తోకలేని బొద్దు ఎలకల్లా ఉండే రెండు ఆడ గినీ పిగ్‌లను తెచ్చుకుంది. గోధుమరంగులో గుండ్రంగా ఉన్నదానికి సున్నుండ అనీ, కాస్త వెడల్పుగా పడుకునేదానికి అరిసె అనీ పేర్లు పెట్టింది. బడి నుంచి రాగానే భర్త కన్నా ముందు వాటిని పలకరించేది. అతనికి అందులో తప్పేమీ కనిపించలేదు. వాటికేమైనా అవుతుందేమోనన్న బెంగ ఒకటే పట్టుకుంది.

నరేంద్రబాబు చెడ్డవాడు కాదు. రొయ్యల రైతు. పొద్దున్నే గుంటలోంచి, రొయ్య మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రే పైకి లాగి, అందులో నాలుగు రొయ్యలను అరచేతిలో పెట్టుకుని వెలుగుకు ఎత్తి చూడడం అతని బతుకు. పేగు నిండిందా, రంగు మారిందా, రెట్ట ఎట్లా ఉంది? ఆ చూపులో ఒక పద్ధతుంది. రొయ్య ఎంత బాగుందో ఎవరూ చూడరు, ఎక్కడ బాగాలేదో చూస్తారు. ఏళ్ళ తరబడి అట్లా చూసిన కన్ను, ఇంటికొచ్చాక వేరే రకంగా చూడలేదు. సుప్రియ తుమ్మితే అతని చెయ్యి బండి తాళాల మీదికి పోయేది. ప్రేమించడం, అనుమానించడం అతని లోపల ఒకే గదిలో కాపురం చేస్తుండేవి. ఏది ఏదో అతనికే తెలిసేది కాదు.

గడ్డి వేశాడు. నీళ్ళు మార్చాడు. జామకాయ ముక్క పెట్టి, మాట ప్రకారం తల తిప్పుకున్నాడు. తల తిరిగింది గానీ కన్ను అక్కడే ఉండిపోయింది.

సున్నుండ కంట్లోంచి పాలలాంటిది కారుతోంది. చిక్కగా, తెల్లగా. అది రెండు ముందు కాళ్ళతో ఆ తెల్లటిదాన్ని ముఖమంతా పులుముకుంటోంది.

తెలుపు.

రొయ్యల రైతుకు తెలుపు అంటే మల్లెపూలు, పావురాలు కాదు. తెల్ల మచ్చ, తెల్ల పేగు, తెల్ల రెట్ట. ఏ రోగం వచ్చినా ఆ రంగు చొక్కాయే తొడుక్కుని వస్తుంది. నరేంద్రబాబు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వరండాలోని బోనులో పరిచిన గుడ్డ మీద ఆరిపోయిన మూత్రపు మరక కనిపించింది. అదీ సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. ఇంతలో సున్నుండ కిందికి వంగి, తన వెనక నుంచి వస్తున్న మెత్తటి ఉండను నోటితో అందుకుని, తృప్తిగా నమిలి మింగింది.

"అయిపోయింది," అన్నాడు నరేంద్రబాబు గోడతో.

జబ్బు పక్కదానికి అంటకూడదు. సున్నుండను ఎత్తి వేరే గదిలో ప్లాస్టిక్ టబ్బులో పెట్టాడు. చెల్లెలి కొడుకు వచ్చినప్పుడు మిగిల్చిపోయిన యాంటీబయాటిక్ సిరప్ ఫ్రిజ్‌లో ఉంది. చెంచాలో పోశాడు. సున్నుండ మూతి దాకా తీసుకెళ్ళాడు. అక్కడ అతనికి సుప్రియ సగం వాక్యం వినపడింది. సిరప్‌ను సింకులో ఒంపేసి, ఇది వైద్యం కాదు గదా అని తనకు తాను చెప్పుకోగలిగిన పని ఒకటి మొదలుపెట్టాడు.

గుంటలో అనుమానం వస్తే చేసేదే ఇక్కడా చేశాడు. రోడ్డు వైపు గేటు మూసి, అడ్డంగా జానెడు వెడల్పున బ్లీచింగ్ పౌడరు గీత పోశాడు. గీత ఇవతల టబ్బులో పర్మాంగనేట్ నీళ్ళు కలిపి, కాళ్ళు ముంచకుండా ఎవరూ రాకుండా పెట్టాడు. వరండాలో బోను మీద కాకులు రాకుండా వల కట్టాడు. మిగిలిన బ్లీచింగ్ వరండాలో చల్లాడు. ఒక పద్ధతి ప్రకారం భయపడ్డాక మనసు కాస్త కుదుటపడింది.

అతను ఆలోచించనిది ఒక్కటే. ఆ గేటు ఇంటికీ, ఇంటి వెనకున్న రొయ్యల గుంటకూ కలిపి ఒకటే.

పక్క గుంట చెంచురామయ్య పొద్దున టీ తాగి అటుగా వస్తూ గీత దగ్గర ఆగాడు. పాము అడ్డం పడ్డట్టు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏందబ్బయా, గేటుకి బ్లీచింగు?"

"ఏం లేదు మామా. ఇంట్లో గినీ పిగ్‌కు ఒంట్లో బాలేదు."

"ఏంది?"

"గినీ పిగ్ మామా. ఎలక మాదిరి ఉంటదే, సుప్రియ తెచ్చింది. దానికి కంట్లో తెల్లగా కారతా ఉండాది."

చెంచురామయ్య కాసేపు అతని ముఖంలోకి చూశాడు.

"గుంట బాగుండాదా?"

"బ్రహ్మాండంగా ఉండాది."

"ఓహో," అన్నాడు చెంచురామయ్య.

రొయ్యల ఊళ్ళలో ఒక ఆచారం ఉంది. గుంటకు జబ్బొస్తే ఎవరూ చెప్పరు. చెబితే కొనేవాడు రేటు తెగ్గోస్తాడు. అందుకని జబ్బు గుంట రైతు నవ్వుతూ తిరుగుతాడు, రొయ్య పట్టేసి బండెక్కించేదాకా. ఈ సంగతి అందరికీ తెలుసు గనక, నవ్వుతూ 'బాగుంది' అన్నవాడి మాట ఎవరూ నమ్మరు. బ్లీచింగ్ గీత పక్కన నిలబడి 'బ్రహ్మాండంగా ఉంది' అన్నవాడి మాట మాత్రం అందరూ తలకిందులుగా నమ్ముతారు.

"నమ్మకపోతే లోపలికొచ్చి చూడు మామా. కాళ్ళు ఆ నీళ్ళలో ముంచుకోని రా."

"వొద్దులే అబ్బయా," అన్నాడు చెంచురామయ్య ఇంకో అడుగు వెనక్కి వేస్తూ. లోపలి మట్టి తన కాళ్ళకంటుకుని తన గుంటకు వస్తుందని అతని భయం. "ఎలక్కి బాలేదన్నావు గదా. చాలు."

పోతూ పోతూ ఫోన్ తీసి గీతకొక ఫోటో కొట్టాడు. దాన్ని రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద 'అందరూ జాగ్రత్త' అని రాసి, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఎవరి గేటో రాయలేదు. అదొక మర్యాద. ఫోటోలో గేటు మీది నరేంద్రబాబు ఇంటిపేరు మాత్రం స్పష్టంగా పడింది.

నరేంద్రబాబు అదేమీ చూడలేదు. అతను సున్నుండ ఉన్న టబ్బు పక్కన కూర్చున్నాడు. సున్నుండ మూలకు ముడుచుకుపోయింది. రోజూ గడ్డి చప్పుడైతే చాలు ఈల వేసినట్టు అరిచేది, ఇప్పుడు నోరు మెదపడం లేదు. జామకాయ ముక్కను వాసన కూడా చూడలేదు. పైగా అటు వరండాలో అరిసె తుమ్మింది. అంటుకుంది! మధ్యాహ్నానికల్లా రెండూ పోతాయి, సాయంత్రానికి సుప్రియ పోతుంది. అతను తన మిగతా జీవితాన్ని ఒంటరిగా, శుభ్రంగా, బ్లీచింగ్ వాసన మధ్య గడపడం వివరంగా ఊహించుకుంటుండగా ఫోన్ మోగింది. నెల్లూరు నుంచి రొయ్యలు కొనే మీరా మొహిద్దీన్.

"బాబూ, విన్నాను. బాధపడమాకు. ఐస్ బండి నీకే ముందు పంపిస్తా."

"బండెందుకు భాయ్? ఇంకా పది రోజులు పెంచుతా."

"పెంచు, పెంచు," అన్నాడు మొహిద్దీన్, పోయినవాళ్ళ ఇంట్లో మాట్లాడే గొంతుతో. "మనలో మాట. సైజు ఎంత ఉన్నా తీసుకుంటా. రేటు మాత్రం కాస్త నువ్వే అర్థం చేసుకోవాల."

"గుంటకేం కాలేదు భాయ్! గినీ పిగ్‌కి బాలేదు!"

మొహిద్దీన్ గొంతు సవరించుకున్నాడు.

"బాబూ, ముప్పై ఏళ్ళుగా కొంటుండా. గుంట జబ్బు దాచడానికి కరెంటు పోయిందన్నవాళ్ళని చూసినా, మామగారు పోయినారన్నవాళ్ళని చూసినా. ఇది కొత్తగా ఉండాది. బాగుండాది కూడా."

నరేంద్రబాబు ఫోన్ పెట్టేసి పశువుల ఆస్పత్రికి బయలుదేరాడు. తీసుకుపోయి చూపించడం వైద్యం చేయడం కాదని దారిలో వాదించుకోవచ్చు. సున్నుండను పెట్టడానికి ఇంట్లో సరైనదేదీ దొరకలేదు. చివరికి రొయ్య శాంపిళ్ళను ల్యాబుకు పట్టుకెళ్ళే థర్మాకోల్ పెట్టె కనిపించింది. మూతకు చిల్లులు పొడిచి, అడుగున గడ్డి పరిచి, దాన్ని అందులో కూర్చోబెట్టాడు. పెట్టెను బండి ముందు పెట్టుకుని, మోకాళ్ళ మధ్య పట్టుకుని, గుంటల గట్టు రోడ్డు మీద మెల్లగా పోయాడు.

గట్ల మీద నిలబడ్డ రైతులు ఒకరి తర్వాత ఒకరు తల తిప్పి చూశారు. జబ్బు గుంట వాళ్ళు ల్యాబుకు పోయే దారి అదే, పెట్టె అదే, ముఖం కూడా అదే. అతను మూల తిరిగేలోగా ఒక గుంటలో నీళ్ళను చిలికి గాలి పట్టించే ఏరేటర్లు ఆగాయి. ఆ తర్వాత ఇంకో గుంటలో. వలలు బయటికొచ్చాయి. పక్కవాడి జబ్బు నీళ్ళ మీద, కాకుల మీద, గాలి మీద తమ గుంటకు రాకముందే ఉన్న రొయ్యను పట్టేసుకోవడం తెలివైనవాళ్ళు చేసే పని. ఆ రోడ్డు మీద తెలివైనవాళ్ళే ఎక్కువ.

డాక్టరు జయశీల అప్పుడే ఒక గేదెను చూసి చేతులు కడుక్కుంటోంది. తిరుపతిలో చదివేటప్పుడు హాస్టల్లో దొంగచాటుగా గినీ పిగ్‌ను పెంచిన మనిషి. మూత తీయగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"అబ్బ! ఎన్నాళ్ళకు చూశాను దీన్ని. ఏమైంది?"

నరేంద్రబాబు చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పేకొద్దీ అతని గొంతు తగ్గుతూ వచ్చింది, డాక్టరు నవ్వు పెరుగుతూ వచ్చింది.

"కంట్లో పాలలాంటిది ఇవి ముఖం కడుక్కోవడానికే వదులుతాయండీ. పొద్దున్నే మొహం కడుక్కుంటోంటే జబ్బన్నారు. మూత్రం కాస్త తెల్లగా ఉండడం మామూలే. మరీ గట్టిగా, ఇసుకలాగా వస్తేనో, ఎర్రగా వస్తేనో రండి. ఇక ఆ ఉండలు తినకపోతే అప్పుడు భయపడాలి. ఒకసారి తిని అరక్కుండా వదిలినదాన్ని మళ్ళీ తిని ఒంటికి పట్టించుకుంటాయి."

"మరి తినడం మానేసింది డాక్టరమ్మా. అరవడం లేదు."

జయశీల నవ్వు ఆపింది. "అది మాత్రం జోకు కాదు. వీటి పొట్ట ఒక పూట ఖాళీగా ఉన్నా ప్రమాదమే. ఎప్పటినుంచి?"

"వేరే గదిలో పెట్టినప్పటి నుంచి."

"వేరే గదిలో ఎందుకు పెట్టారు?"

"జబ్బు అంటి అరిసె కూడా తినడం మానేస్తుందేమోనని..." అని, తన మాట తనకే వినబడి నరేంద్రబాబు ఆగిపోయాడు.

ఆమె సున్నుండను ఎత్తి నోరు, పళ్ళు, చెవులు చూసింది. ముందు కాలి గోరు ఒకటి పెరిగి వంకర తిరిగి ఉంటే చిన్న కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించింది. దానికున్న ఇబ్బంది మొత్తం అదేనంది. పక్కన తోడు లేకపోతే బెంగపెట్టుకుంటాయి, రెండింటినీ వెంటనే కలపమంది. అరిసె తుమ్ము సంగతి విని, వరండాలో ఏం చల్లారని అడిగింది. విన్నాక కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

"బ్లీచింగ్ వాసనకు మీరు తుమ్మలేదా?"

"నాకు అలవాటే."

"మందేమన్నా పోశారా?"

"లేదు. సిరప్ చెంచాలో పోశాను గానీ పట్టలేదు." సిరప్ పేరు చెప్పాడు.

జయశీల అతన్ని మొదటిసారి సీరియస్‌గా చూసింది. "ఆ జాతి మందు వీటికి విషం. పిల్లలకు మంచిదే, వీటి పొట్టలో ఉండే మంచి క్రిములను చంపేస్తుంది. చెంచాడు పోసి ఉంటే ఇక్కడికి తెచ్చే పని ఉండేది కాదు. ఎందుకు ఆగారు?"

"మా ఆవిడ ఏం చెయ్యబాకన్నది."

"ఆమెకు నా నమస్కారాలు చెప్పండి," అంది జయశీల.

అతను పెట్టెను ఒడిలో పెట్టుకుని ఆస్పత్రి అరుగు మీద కాసేపు కూర్చున్నాడు. తన చేతికీ ఆ చిన్న నోటికీ మధ్య మిగిలిన ఎడం బెత్తెడు. ఆ బెత్తెడు జాగాలో సుప్రియ మాట ఒకటి అడ్డం పడింది. అతని మంచితనం గానీ, జాగ్రత్త గానీ పడలేదు. తన జాగ్రత్తకు అతను మొదటిసారి భయపడ్డాడు.

తిరిగి వచ్చేసరికి రోడ్డంతా ఐస్ బండ్లు. గట్ల మీద వలలు, తట్టలు, అరుపులు. చెంచురామయ్య మోకాలి దాకా బురదతో తన గుంటలో రొయ్య పట్టించుకుంటున్నాడు.

"మామా, ఏందిది? నీకింకా వారం ఉండాది గదా!"

"నీ ఎలక్కి ఎట్లుండాది?" అన్నాడు చెంచురామయ్య నిష్ఠూరంగా.

"బాగుండాది మామా. గోరు కత్తిరించినారు."

"ల్యాబులో?"

పెట్టె మూత తీసి చూపిస్తే సరిపోయేది. నరేంద్రబాబు తీయబోయాడు కూడా. మూత మీద చెయ్యి పడగానే గట్టు మీదివాళ్ళంతా ముక్కుకు కండువాలు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగారు.

ఇంటి గేటు దగ్గర సుప్రియ నిలబడి ఉంది. చేతిలో సంచి, కళ్ళు ఎర్రగా. గుంట పోయిందని ఎవరో కావలికి ఫోన్ చేశారు. ట్రైనింగ్ మధ్యలో వదిలి బస్సెక్కింది. దారి పొడుగునా అతన్ని ఎట్లా ఓదార్చాలో మాటలు కూర్చుకుంటూ వచ్చింది. అతను బండి ఆపగానే వచ్చి భుజం పట్టుకుంది.

"పోతే పోనీండి. మళ్ళీ వేసుకుందాం. మీరు దిగులుపడబాకండి."

"గుంట పోలేదు," అన్నాడు నరేంద్రబాబు.

"మరి ఈ గీత?"

"సున్నుండకు..."

సుప్రియ భుజం మీది చెయ్యి తీసేసింది. గీతను చూసింది. పర్మాంగనేట్ టబ్బును, బోను మీది వలను, థర్మాకోల్ పెట్టెను చూసింది. పెట్టె అందుకుని లోపలికి పోయి సున్నుండను అరిసె పక్కన వదిలింది. తడిగుడ్డతో వరండా తుడవడం మొదలుపెట్టింది. ఆమె వెనకే నిలబడి అతను పొద్దుటినుంచీ జరిగిందంతా చెప్పేశాడు. సిరప్ సంగతి చివర్న చెప్పాడు. అది చెప్పకపోయినా ఆమెకు తెలిసేది కాదు.

తుడిచే చెయ్యి ఆగింది. "పోశారా?"

"చెంచా దగ్గరికి తీసుకుపోయినా. పొయ్యలేదు."

"ఎందుకు?"

"నువ్వు వద్దన్నావు గదా."

అంతలో బోనులో సున్నుండ ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరింది. నాలుగు కాళ్ళూ నేల వదిలేసి, నడుము అటు మెలికపెట్టి, తల ఇటు విదిలించి, పడి, మళ్ళీ ఎగిరింది. చూస్తుండగానే అరిసె కూడా.

"ఫిట్స్!" నరేంద్రబాబు ఫోన్ కోసం జేబులో చెయ్యి పెట్టాడు. "సుప్రియా, ఫిట్స్ వచ్చుండాయి!"

సుప్రియ అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఊరకుండండి. అది సంతోషం. సంతోషమొస్తే అట్లనే ఎగురుతాయి."

నరేంద్రబాబు ఊరకున్నాడు. సంతోషాన్ని చూసి జబ్బనుకోవడం అతనికి అది మొదటిసారి కాదు. పక్కన ఒకరు చెయ్యి పట్టుకుని ఆపడం మాత్రం మొదటిసారి. అతను నోరు మూసుకుని, పరీక్షగా చూడకుండా, ఊరికే చూశాడు. సున్నుండ జామకాయ ముక్క అందుకుని కరకర నమలసాగింది.

కథ ఇక్కడ ఆగి ఉంటే నరేంద్రబాబు ఊళ్ళో వెర్రిబాగులవాడిగా మిగిలిపోయేవాడు. ఆ రోజు ఆ రోడ్డు మీది రొయ్యంతా ఒకేసారి నెల్లూరు చేరడంతో రేటు పడిపోయింది. అందరూ ఉసూరుమంటూ ఇళ్ళకు వచ్చారు. వారం తిరిగేసరికి ఎగుమతి కంపెనీకి సరుకు కావలసి వచ్చింది. ఆ చుట్టుపక్కల నిండుగా ఉన్న గుంట ఒక్కటే. నిగనిగలాడే రొయ్యతో, ఏ మచ్చా లేకుండా. మీరా మొహిద్దీన్ స్వయంగా కారేసుకుని వచ్చాడు. గేటు బయటే చెప్పులు విడిచాడు.

"బాబూ, నేను చాలామందిని చూసినాననుకున్నా. నీకు సలాం. రేటు నువ్వే చెప్పు."

వెనకే చెంచురామయ్య. తిట్టడానికి వచ్చాడు, తీరా వచ్చాక చేతులు జోడించాడు.

"ఊరంతటినీ ఖాళీ చేయించి ఒక్కడివే నిలబడినావు గదయా! ఆ ఎలక నాటకం ఎట్ల తట్టింది నీకు?"

"నాటకం కాదు మామా. నిజంగానే దాని కంట్లో తెల్లగా..."

"చూసినావా భాయ్!" చెంచురామయ్య మొహిద్దీన్ వైపు తిరిగాడు. "ఇప్పటిగ్గూడా అదే మాట. మొహంలో మార్పు ఉండాదా చూడు! ఇట్లాంటోణ్ణి ఇన్నాళ్ళూ పిరికోడనుకున్నాం."

నరేంద్రబాబు రెండు రోజులు ఊరందరికీ నిజం చెప్పుకుంటూ తిరిగాడు. చెప్పేకొద్దీ గౌరవం పెరిగింది. టీ కొట్టు దగ్గర బెంచీ మీద జరిగి చోటిచ్చారు. గుంటలో మళ్ళీ రొయ్య పిల్ల ఎప్పుడు వేయాలో సలహా అడిగారు. అతను ఊరికే ఆకాశం వంక చూస్తే చాలు, ఇద్దరు ముగ్గురు పోయి గట్టు మీది మేత బస్తాలకు పట్టాలు కప్పుకొచ్చారు. పుట్టి బుద్ధెరిగాక తనను చూసి ఎవరైనా భయపడడం అతనికి ఇదే మొదలు. మూడో రోజు నుంచి నిజం చెప్పడం మానేసి, అడిగినవాళ్ళను చూసి పెదవి చివర కొద్దిగా నవ్వడం నేర్చుకున్నాడు.

"ఆ నవ్వేంది?" అంది సుప్రియ ఒక సాయంత్రం.

"ఏం లేదు. ఊరికే."

"ఈ ఊళ్ళో మీ సంగతి తెలిసింది నా ఒక్కదానికే. అది గుర్తుపెట్టుకోండి."

అతను నవ్వు మానేశాడు. ఆమె అతని వంక కాసేపు పరీక్షగా చూసి, జామకాయ కోసి, ఒక ముక్క అతని చేతిలో పెట్టింది.

తర్వాతి నెలలో సుప్రియకు కావలిలో ఆగిపోయిన ట్రైనింగ్ మళ్ళీ పెట్టారు. ఈసారి ఆమె గినీ పిగ్‌లకు గడ్డి వేసే పని చెంచురామయ్య భార్య ఆదిశేషమ్మకు అప్పజెప్పి, నరేంద్రబాబును తన వెంట తీసుకెళ్ళింది.